వంగిన వజ్రం

మరిది జేబుల్లోంచి పొట్లాలు ఒక్కొక్కటే బల్ల మీదికి వస్తున్నాయి.

బీమా ఆఫీసరు వాటిని బాంబు విప్పుతున్నంత జాగ్రత్తగా విప్పుతున్నాడు. పైన తెల్ల కాగితం, లోపల నీలం కాగితం, ఐదు మడతలు. అచ్చంగా వజ్రాల పొట్లాలే. మొదటి దాంట్లో తలనొప్పి మాత్ర ఉంది. రెండో దాంట్లో చొక్కా బొత్తాం, మూడో దాంట్లో కళ్ళజోడు మర. నాలుగోది విప్పి ఆఫీసరు ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"ఇదేమిటి?"

"పిప్పరమెంటు సార్."

"సగమే ఉంది!"

"మిగతా సగం సాయంత్రం తిందామని."

"సగం చప్పరించిన పిప్పరమెంటుని ఎవరైనా పొట్లం కడతారటయ్యా?"

"చేతులు ఊరుకోవు సార్," అన్నాడు మరిది దీనంగా.

అందులో అబద్ధం ఏమీ లేదు. వజ్రాల పనిలో ఉన్నవాడు ఉత్త రాయిని జేబులో వేసుకోడు. వేసుకోమన్నా చెయ్యి ఒప్పుకోదు. రాయి కనపడితే చాలు, మనిషి ఏం మాట్లాడుతున్నా, ఎటు చూస్తున్నా, వేళ్ళు వాటంతటవే కాగితం తీసి మడత పెట్టేస్తాయి. మరిదికి ఈ జబ్బు కాస్త ముదిరింది. ఇంట్లో భార్య చెవి దుద్దుల దగ్గర్నుంచి పిల్లాడి పాలపన్ను దాకా అన్నీ పొట్లాల్లోనే ఉంటాయి.

అతను ఈ కంపెనీలో రాళ్ళకు గ్రేడు వేసేవాడు. పద్దెనిమిదేళ్ళ సర్వీసు. సొంత పేరు ఒకటి ఉన్నా, అతని వదినను ఎరగని వజ్రాల వ్యాపారి లేడు కాబట్టి, అందరి నోటా మరిదిగానే స్థిరపడిపోయాడు. ఆ మరిది మీద ఇప్పుడు దొంగతనం పడింది.

పోయింది ఒక టీ రంగు వజ్రం. ఎనిమిది క్యారట్ల నాలుగు సెంట్లు; నూరు సెంట్లయితే ఒక క్యారట్. ఒక ఓడ కెప్టెన్ గారి భార్యది. అంచు కాస్త చిట్లిందని మళ్ళీ సాన పట్టించడానికి ఇచ్చింది. మరిది పరీక్ష చేసి ఈ గదిలోనే సొరుగులో పెట్టాడు. సాన పట్టించాలా వద్దా అని ఆవిడ తొమ్మిది రోజులు ఆలోచించింది. పదో రోజు పట్టించమంది. సొరుగు తీస్తే రాయి లేదు. రాళ్ళుండే ఈ గదికి రెండే తాళంచెవులు. ఒకటి యజమాని పెద్దాయన గొలుసుకి, రెండోది మరిది మొలకి. పెద్దాయన తన దగ్గరున్న సరుకును తానే ఎత్తుకుపోడు కదా అని బీమా ఆఫీసరు లెక్క తేల్చేశాడు.

నాలుగింటికి ఇద్దరు రావాలి. ఒకరు పెద్దాయన దగ్గరున్న ఇంకో తెల్ల రాయిని కొనడానికి. రెండోవారు పోలీసులు, మరిదిని తీసుకుపోవడానికి. గోడ గడియారం రెండున్నర చూపిస్తోంది. మరిదికి ఆ గడియారం అంత వేగంగా తిరగడం అంతకుముందెప్పుడూ చూసిన గుర్తు లేదు.

అప్పుడు తలుపు తీసుకుని వదిన వచ్చింది.

రత్నాల పరీక్ష ల్యాబులో తొమ్మిదేళ్ళు చేసి, రాళ్ళ కంటే వాటిని పట్టుకున్న మనుషులే తమాషాగా ఉన్నారని ఉద్యోగం మానేసి డిటెక్టివ్ అయిన మనిషి. అందరూ ఆవిణ్ణి భూతద్దం అంటారు. ముఖానే అన్నా నవ్వుతుంది.

"ఏమయ్యా మరిదీ, భోంచేశావా?"

"ఎక్కడ వదినా! పొద్దున్నుంచి ఈ సార్ నాకు అరటిపళ్ళు తప్ప ఏమీ పెట్టడం లేదు."

"అరటిపళ్ళా? ఎందుకూ?"

ఆఫీసరు టై సర్దుకున్నాడు. "మింగేసి ఉంటాడని నా అనుమానం మేడమ్. పొద్దున పొట్టకి ఎక్స్‌రే కూడా తీయించాను. అందులో ఏమీ కనపడలేదు."

"ఎందుకు కనపడుతుందండీ? వజ్రమంటే బొగ్గు సంతతే కదా, ఎక్స్‌రేకి సరిగ్గా చిక్కదు. ఆ ఫోటోతో మీరు రుజువు చేసిందల్లా మా మరిదికి గ్యాస్ ఉందని."

"అంటే మింగేసి ఉండొచ్చన్నమాట!" ఆఫీసరు ముఖం వెలిగిపోయింది. "ఇంకో డజను అరటిపళ్ళు తెప్పించండి!"

"వదినా," అన్నాడు మరిది ఏడుపు గొంతుతో, "నువ్వసలు ఎవరి తరఫున వచ్చావ్?"

వదిన గది చుట్టూ చూసింది. కిటికీల్లేని చిన్న గది. ఒక గోడంతా సొరుగులు. మధ్యలో పొడుగు బల్ల, బల్ల చివర మైక్రోస్కోపు. దాని పక్కనే మెత్త వేసిన కుర్చీలో పెద్దాయన. నడుము నొప్పి మూలంగా ఆయన ఎక్కడికి వెళ్తే ఆ మెత్త అక్కడికి వెళ్తుంది.

"రామ్మా," అన్నాడు పెద్దాయన ఆప్యాయంగా. "వీడు నా బిడ్డ లాంటివాడు. వీడు తీశాడంటే నేను నమ్మనంటున్నా ఈయన వినడు. నువ్వే ఎలాగైనా గట్టెక్కించాలి."

మరిదికి కళ్ళు చెమర్చాయి. పద్దెనిమిదేళ్ళ క్రితం కాగితం మడవడం కూడా రాని తనను పక్కన కూర్చోబెట్టుకుని, వేళ్ళు పట్టుకుని మడతలు నేర్పింది ఈ మనిషే.

"ఆ టీ రంగు రాయిని ఆఖరున నువ్వు ఏం చేశావో చెప్పు," అంది వదిన.

"తూకం వేశాను. సాన మీదికి వెళ్ళేది కదా అని వెలుతురును వడగట్టే పోలరాయిడ్ అద్దాల మధ్య పెట్టి చూశాను. లోపల బిగువు ఎక్కువుంటే చక్రం మీద పగిలిపోతుంది. అందుకని సాన పట్టే ప్రతి రాయికీ చూస్తాం."

"అమ్మకానికి వచ్చిన రాయికి?"

"దానికెందుకు? అది సాన అయిపోయిన రాయేగా. రంగు, బరువు, లోపల మచ్చలు చూసి గ్రేడు వేస్తాం, అంతే."

"పోలరాయిడ్‌లో చూసినప్పుడు ఫోటో తీశావు కదూ?"

మరిది పెద్దాయన వంక బెరుగ్గా చూశాడు. కంపెనీ సరుకు ఫోటోలు తీయకూడదు. కానీ ఆ రాయిలో కనపడ్డ రంగులు చూసి ఆగలేక ఒకటి తీసి, దాని మీద శుభోదయం అని రాసి, కుటుంబం గ్రూపులో పెట్టాడు. పెద్దమ్మ చేతులు జోడించిన బొమ్మ పెట్టింది. బావ బొటనవేలు పెట్టాడు. దాన్ని పెద్దది చేసి చూసింది మాత్రం వదిన ఒక్కతే.

"అది చాలు," అంది వదిన. "పదండి, సాన గది చూద్దాం."

సాన గదిలో ఆరు చక్రాలు వరసగా ఉన్నాయి. పనివాళ్ళు వాటి మీద వంగి ఉన్నారు. నూనె, వజ్రప్పొడి కలిసిన వాసన. ఆ గదిని చూసుకునేది పెద్దాయన అల్లుడు. బ్యాడ్మింటన్ ఆడుతూ పడి, కుడి మణికట్టు విరగ్గొట్టుకుని, మూడు వారాలుగా చేతిని మెడకు వేలాడేసుకుని తిరుగుతున్నాడు. మనిషిలో చిరాకు మామూలుగానే ఉండేది, ఇప్పుడు రెట్టింపైంది.

"మళ్ళీ ఏమిటండీ? పొద్దున్నే ఈయనొచ్చి పనిలో ఉన్న చక్రాలన్నీ ఊడదీయించాడు. ఇప్పుడు మీరు పునాదులు తవ్విస్తారా?"

"అక్కర్లేదండీ. మూలనున్న ఆ చక్రం ఎవరిది?"

"నాది. చెయ్యి ఇలా ఉంటే ఇంకెక్కడ కూర్చుంటాను? దాని మీద బట్ట కప్పేసి మూడు వారాలైంది."

వదిన బట్ట ఎత్తింది. బట్ట మీద దుమ్ము ఉంది. చక్రం మీద మాత్రం తాజా నూనె మెరుస్తోంది. ఆవిడ కాగితం ముక్కతో చక్రం పక్కనున్న గూటిని తుడిచి చూసింది. కాగితానికి పెన్సిలు ముల్లు అరగదీసినట్టు నల్లటి పొడి అంటుకుంది.

"గ్రాఫైటు," అంది తనలో తాను.

"ఆదివారాలు ఇక్కడ ఎవరుంటారు?" అని అల్లుణ్ణి అడిగింది.

"ఎవరూ ఉండరు. అందరికీ సెలవే."

"ఎందుకుండరు?" అన్నాడు వెనకాలే వచ్చిన ఆఫీసరు. "మీ మరిదిగారు ఉండొచ్చు!"

"మా మరిదికి సాన పట్టడం చేతకాదండీ. ఇంట్లో కూరగాయల కత్తికి పదును పెట్టబోయి రెండు కుట్లు వేయించుకున్నాడు."

"పెళ్ళయిన కొత్తలో వదినా అది," అని మరిది గొణిగాడు.

"పని వచ్చినవాళ్ళకి కొదవేముందిలే," అన్నాడు పెద్దాయన నవ్వుతూ గుమ్మంలో నిలబడి. "ముప్పై ఏళ్ళు ఈ చేతుల్తోనే సాన పట్టాను. ఇప్పుడు నడుము ఒప్పుకోదు గానీ."

ఆఫీసరు వదినకు అడ్డంగా వచ్చి నిలబడ్డాడు. "మేడమ్, మీ మర్యాద కోసం ఇంతసేపు ఊరుకున్నాను. మనిషి దొరికాడు, తాళంచెవి దొరికింది. రాయి ఒక్కటే దొరకాలి. నూనె మరకలు చూసుకుంటూ కూర్చుంటే నాలుగవుతుంది."

"పోయిన కేసులో కూడా మనిషి దొరికాడన్నారు. ఆ మనిషి ఆ రోజంతా ఆస్పత్రిలో అపెండిసైటిస్ ఆపరేషన్ చేయించుకుంటున్నాడు."

"అది వేరే విషయం!"

"వేరేదే. ఈసారి అరటిపళ్ళు కూడా ఉన్నాయి."

చక్రాల దగ్గర పనివాళ్ళు తలలు ఇంకా కిందికి దించుకున్నారు. భుజాలు కదలడాన్ని బట్టి నవ్వుతున్నారని తెలుస్తోంది. ఆఫీసరు టై ముడి గొంతు దాకా బిగించుకున్నాడు.

మళ్ళీ రాళ్ళ గదికి వచ్చేసరికి మూడూ ఇరవై. మరిది చొక్కా వెనక తడిసిపోయింది. పోలీసు జీపు మెట్ల దగ్గర ఆగడం, పిల్లాడు స్కూలు నుంచి వచ్చి నాన్న ఏడని అడగడం అతని కళ్ళ ముందు కనపడుతున్నాయి. ఉద్యోగం పోతే ఇంకోటి చూసుకోవచ్చు. కానీ రాయి తీశాడని ఒక్కసారి పేరు పడితే, జన్మలో ఎవరూ ఇంకో రాయి చేతికివ్వరు.

"నాలుగింటికి అమ్మే రాయిని ఒకసారి చూడొచ్చా?" అంది వదిన.

పెద్దాయన వెనకనున్న మెత్త సర్దుకున్నాడు. "దానికీ దీనికీ ఏం సంబంధమమ్మా? అది మొన్న శనివారం కొత్తగా కొన్నాను."

"ముచ్చటకే అండీ. ఆ సైజు తెల్ల రాయిని చూసి చాలా రోజులైంది."

పెద్దాయన సొరుగుల వైపు చెయ్యి ఊపాడు. మరిది పై సొరుగు తీసి నీలం కాగితం పొట్లం అందించాడు. ఆ రాయికి గ్రేడు వేసి, మడిచి పెట్టింది కూడా తనే. ఏడు క్యారట్ల తొంభై సెంట్లు, నీళ్ళ బొట్టులా తెల్లగా ఉంటుంది.

వదిన అందరికీ వీపు పెట్టి మైక్రోస్కోపు మీద వంగింది. కాసేపటికి కూనిరాగం మొదలైంది. మరిది చెవులు రిక్కించాడు. ఏదో దొరికితే తప్ప వదిన పాడదు. ఆవిడ పాట బాగుండదని ఇంటిల్లిపాదికీ తెలుసు కానీ ఈ పూట అది అతనికి అమృతంలా వినపడింది.

ఆవిడ లేచి ఆఫీసరు దగ్గరికి వచ్చింది. "అయ్యో, మీ కోటు నిండా సాన పొడి," అంటూ భుజమూ జేబూ దులిపింది. "ఇప్పుడు బాగుంది. పోయిన రాయిని చూపిస్తాను, అందరూ కూర్చోండి. అల్లుడుగారినీ పిలవండి."

పెద్దాయన మెత్త కుర్చీలో మైక్రోస్కోపు పక్కన, అల్లుడు ఎదురుగా కూర్చున్నారు. వదిన ఆఫీసరును దీపాల స్విచ్చు దగ్గర నిలబెట్టింది. మరిది తాళంచెవి తీసుకుని తలుపు లోపల్నుంచి వేసి, చెవిని చేతిలోనే ఉంచుకుంది. తర్వాత మరిది చేతికి పోలరాయిడ్ పై అద్దం ఇచ్చి, మైక్రోస్కోపు మీద పట్టుకోమంది. రెండో చేతిలో అతని ఫోను.

"చెప్పేదాకా రెండు చేతులూ కదపకు. ముందు ఆ ఫోటో అందరికీ చూపించు."

ఫోటోలో టీ రంగు రాయి మీద ఇంద్రధనుస్సు చారలు. ఒక వరస ఇటు, ఇంకో వరస అటు, ఒకదాన్నొకటి కోసుకుంటూ చాప అల్లినట్టు. ఒక మూల రెండు చారలు కలిసే చోట నువ్వుగింజంత నల్ల చుక్క.

"ఈ చారలు ఏమిటి?" అన్నాడు ఆఫీసరు.

"వజ్రం వంగిన గుర్తులు."

ఆఫీసరు పకపకా నవ్వాడు. "వజ్రం వంగుతుందా? సుత్తితో కొడితే పగులుతుంది గానీ వంగడమేమిటి మేడమ్!"

"మన దగ్గరైతే పగులుతుంది. అది పుట్టిన చోట, నూటయాభై కిలోమీటర్ల లోతున, ఆ వేడికీ ఆ ఒత్తిడికీ వంగుతుంది. పేకముక్కల కట్టను పక్కకు నొక్కితే ముక్క మీద ముక్క జారుతుంది చూడండి, అలాగే వజ్రంలో పరమాణువుల పొరలు జారతాయి. రాయి పగలదు, కానీ ఇక ఎప్పటికీ పూర్వపు ఆకారానికి రాదు. ప్లాస్టిక్ డిఫార్మేషన్ అంటారు దీన్ని."

"ప్లాస్టికా? అంటే రాయి నకిలీదా?"

"కాదండీ బాబూ, మీరు కాస్త ఆగండి. పొరలు జారిన చోట పరమాణువుల వరసల్లో చిన్న చిన్న ఖాళీలు మిగులుతాయి. అవి గుంపులుగా చేరి వెలుతురును మింగుతాయి. ఈ రాయికి టీ రంగు అక్కణ్ణుంచే వచ్చింది. ఇందులో ఏ రెండు రాళ్ళూ ఒక్కలా వంగవు. మనిషికి వేలిముద్ర ఉన్నట్టు, ఈ చాప అల్లిక ఈ రాయిది." ఆవిడ గొంతు మామూలుగానే ఉంది. "ఇదే అల్లిక, ఇదే నువ్వుగింజ ఇప్పుడు ఈ మైక్రోస్కోపు కింద ఉన్న రాయిలో ఉన్నాయని చూపిస్తాను. కళ్ళు చీకటికి అలవాటు పడాలి. అన్ని దీపాలూ ఆర్పండి. మరిదీ, ఫోను బోర్లించు. ఒక్క నిమిషం ఎవరూ మాట్లాడొద్దు."

స్విచ్చు టక్కుమంది. గది చీకటైపోయింది.

మరిది రెండు చేతులూ చాపుకుని నిలబడ్డాడు. ముక్కు దురద పెట్టింది. గోక్కోవడానికి చెయ్యి లేదు. ఎవరో దగ్గారు. కుర్చీ కిర్రుమంది. తర్వాత, చాలా దగ్గరగా, పొడి కాగితం సవ్వడి. ఒకటి, రెండు, మూడు. మరిది ప్రమేయం లేకుండానే అతని బుర్ర మిగతావి లెక్కపెట్టేసింది. నాలుగు, ఐదు.

"వేయండి," అంది వదిన.

వెలుతురు వచ్చింది. మైక్రోస్కోపు కింద రాయి లేదు.

"పట్టుకోండి!" అని ఆఫీసరు కేక పెట్టి మరిది మీదికి ఉరికాడు. "నా కళ్ళ ముందే! రెండోసారి! నోరు తెరువు, నోరు తెరువయ్యా!"

మరిది నోరు తెరిచాడు. చేతులు మాత్రం అలాగే చాపుకుని ఉన్నాడు.

"వాడి చేతులు చూడండి," అంది వదిన. "ఒకదాంట్లో అద్దం, ఒకదాంట్లో ఫోను. చీకట్లో చప్పుడు విన్నారా?"

"కాగితం చప్పుడు," అన్నాడు అల్లుడు నెమ్మదిగా.

"ఐదు మడతలు," అన్నాడు మరిది.

"అదీ సంగతి. మామూలు దొంగైతే రాయి తీసి జేబులో వేసుకుంటాడు. చప్పుడే ఉండదు. కానీ ఈ పనిలో పండిన చెయ్యి చీకట్లో కూడా పొట్లం కట్టకుండా ఉండలేదు. బీమా ఆఫీసరుగారికి ఆ మడత రాదు, ఇందాక విప్పిన పొట్లాల్లో ఒక్కటీ తిరిగి మడవలేకపోయారు, బల్ల మీదే ఉన్నాయి చూడండి. అల్లుడుగారిది ఒంటి చెయ్యి, మడతకి రెండు కావాలి. మా మరిది రెండు చేతులూ నేనే కట్టేశాను." ఆవిడ మెత్త కుర్చీ వైపు తిరిగింది. "పెద్దాయనా, జేబులోది బయటికి తీయండి."

పెద్దాయన చాలాసేపు తన చేతుల్ని చూసుకున్నాడు, అవి చెప్పిన మాట వినలేదన్నట్టు. తర్వాత లోపలి జేబులోంచి పొట్లం తీసి బల్ల మీద పెట్టాడు. మడతలు గీత గీసినట్టు ఉన్నాయి.

మరిదికి కోపం రావలసింది, ఏడుపొచ్చింది. "నేను పక్కనే ఉన్నాను పెద్దాయనా. నా మీదికే వస్తుందని తెలుసు కదా."

"నాలుగు రోజుల్లో పెద్ద లాయర్ని పెట్టి విడిపిద్దామనుకున్నాన్రా," అన్నాడు పెద్దాయన తలెత్తకుండా. ఆ మాటతో పద్దెనిమిదేళ్ళు ఒక్కసారిగా పాతబడిపోయినట్టనిపించింది మరిదికి.

ఆఫీసరు పొట్లం లాక్కుని విప్పాడు. "ఇదిగో రాయి!"

"అది నా సంచిలో ఉండే సీజెడ్ అనే నకిలీ రాయండీ. షాపులో ఎక్కడైనా దొరుకుతుంది. అసలుది మీ దగ్గరుంది."

"నా దగ్గరా?"

"కోటు జేబు చూసుకోండి."

ఆఫీసరు జేబులో చెయ్యి పెట్టాడు. పెట్టిన చెయ్యి అక్కడే ఉండిపోయింది. తర్వాత వేళ్ళ మధ్య నీలం కాగితం పొట్లం బయటికొచ్చింది. ఆయన మరిదిని చూశాడు, పొట్లాన్ని చూశాడు, తనకు తానే అరటిపండు తినిపించాలా అన్నంత అయోమయంగా నిలబడ్డాడు. మరిది పడీపడీ నవ్వాడు. కళ్ళనీళ్ళు ఇంకా ఆరలేదు.

వదిన ఆ రాయిని అద్దాల మధ్య పెట్టి దీపం వెలిగించింది. ఆఫీసరు వంగి చూశాడు. ఫోను చూశాడు. మళ్ళీ వంగాడు.

"చాప," అన్నాడు. "నువ్వుగింజ. కానీ ఇది తెల్ల రాయి కదా మేడమ్!"

"టీ రంగు తీసేశారు. గట్టిగా నొక్కి పట్టి రెండు వేల డిగ్రీల దాకా కాల్చే ప్రెస్సులుంటాయి. అన్ని రాళ్ళకూ కుదరదు, నైట్రోజన్ లేని ఇలాంటి రాళ్ళకు కుదురుతుంది. ఆ వేడికి ఖాళీల గుంపులు చెదిరిపోతాయి, రంగు పోతుంది. జారిన పొరల బిగువు మాత్రం పోదు, అల్లిక అలాగే ఉంటుంది. ప్రెస్సులో రాయిని గ్రాఫైటులో పొదుగుతారు, పై పొర గరుకెక్కుతుంది. అందుకే ఆదివారం అల్లుడుగారి చక్రం మీద మళ్ళీ సాన పట్టారు. బరువు పద్నాలుగు సెంట్లు తగ్గింది. తొందర్లో రాయి చుట్టూ ఉండే అంచు మీద కొంత గరుకు వదిలేశారు."

"పెద్దాయన శనివారం ఈ రాయిని నాకిచ్చి, ఆ సాయంత్రమే మళ్ళీ తీసుకెళ్ళారు," అన్నాడు మరిది, ఇప్పుడు గుర్తొచ్చి. "అంచులు కాస్త మెరుగు పెట్టాలన్నారు. సోమవారం తూకం వేసి, గ్రేడు వేసి, నేనే మడిచి పెట్టాను. పోయిన రాయిని నా చేతుల్తో నేనే దాచిపెట్టానా వదినా? నువ్వుగింజ కూడా చూశాను! ప్రతి రెండో రాయిలో ఒక నువ్వుగింజ ఉంటుందిలే అనుకున్నాను!"

"అమ్మకానికి వచ్చిన రాయిని పోలరాయిడ్‌లో చూడరని నీకు పని నేర్పినాయనకు తెలియదా మరి?"

ఆఫీసరు ఒక్కసారిగా గాల్లోకి గెంతాడు. "రాయి పోలేదు! పోకపోతే క్లెయిమూ లేదు! మా కంపెనీ పైసా కట్టక్కర్లేదు!" మరిది రెండు చేతులూ పట్టుకుని ఊపేశాడు. "మీరు నిర్దోషి అని నేను మొదట్నుంచీ అనుకుంటూనే ఉన్నాను!"

"అవును సార్, పళ్ళు కూడా బాగున్నాయి," అన్నాడు మరిది.

వదిన మాత్రం నవ్వలేదు. పెద్దాయన కోటు మీది గొలుసును చూస్తోంది. "ప్రెస్సు ఎవరిదండీ? మీ దగ్గర లేదు కదా."

"నాలుగింటికి వచ్చేవాడిది," అన్నాడు పెద్దాయన. "తెల్ల రాయి ఇస్తానని మాటిచ్చాను. దొరకలేదు. మాట తప్పితే ఊరుకునే మనిషి కాదమ్మా. ఈ దారి అతనే చూపించాడు."

"గొలుసుకి తాళంచెవి లేదేమిటి?"

"వారం రోజులుగా అతని దగ్గరే ఉంది. ఇంకా ఏయే టీ రంగు రాళ్ళున్నాయో వచ్చి చూసుకుంటానన్నాడు." పెద్దాయన గడియారం వంక చూసి గొంతు తగ్గించాడు. "పోలీసులైతే బెల్లు కొడతారు."

నాలుగు కావడానికి ఇంకా ఐదు నిమిషాలుంది. బెల్లు మోగలేదు. బయట నడవాలో అడుగులు వినపడ్డాయి. ఒకరివి కాదు, ముగ్గురు నలుగురివి. తలుపు దగ్గర ఆగాయి. తాళంలో ఎవరో చెవి పెట్టారు.

వదిన బల్లను తలుపుకి అడ్డం జరపబోయింది. అది నేలకు బిగించి ఉంది. ఆఫీసరు అల్లుడి వెనక చేరాడు. మరిది మైక్రోస్కోపు కింద మెరుస్తున్న రాయిని చూశాడు. కెప్టెన్ గారి భార్య రాయి. తనను దొంగను చేసిన రాయి, తను దొంగ కాదని చెప్పగలిగిన ఒకే ఒక్క సాక్షి. అది ఆ తలుపు దాటిందంటే ఈ గదిలో ఇంతసేపూ జరిగిందంతా గాలిమాటే.

ఎక్స్‌రేకి కూడా చిక్కదని వదినే చెప్పింది.

పద్దెనిమిదేళ్ళలో మొదటిసారి మరిది ఉత్త రాయిని పొట్లం కట్టకుండా చేతిలోకి తీసుకున్నాడు. బల్ల మీదున్న సగం పిప్పరమెంటుతో కలిపి నోట్లో వేసుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని, ఒక్క గుటకలో మింగేశాడు.

తలుపు తెరుచుకునేసరికి మైక్రోస్కోపు కింద ఖాళీ నీలం కాగితం మాత్రమే ఉంది. దాన్ని కూడా ఐదు మడతలూ మడిచే పెట్టాడు.